వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో రోడ్డు ఎలా ఆగింది?

న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్ నడిబొడ్డున సుమారు 10 ఎకరాల్లో ఉన్న వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో నేడు కార్లూ బస్సులూ తిరగవు. ఫిఫ్త్ అవెన్యూ పాలరాతి తోరణం ఎదుటికి వచ్చి ఆగిపోతుంది. 1958 వరకు మాత్రం, 19వ శతాబ్దంలో గుర్రపుబండ్ల కోసం వేసిన దారి పార్కు మధ్యగా సాగేది. ఆ దారిని పెద్ద రోడ్డుగా మార్చాలన్న ప్రయత్నం నుంచే వివాదం పుట్టింది.

ప్రతిపాదన చేసినవాడు రాబర్ట్ మోజెస్. 1934 నుంచి నగర పార్కుల కమిషనర్‌గా ఉన్న ఆయనే మురికివాడల తొలగింపు సంఘానికీ అధ్యక్షుడు. పార్కుకు దక్షిణాన పాత ఇళ్లను కూల్చి కట్టబోయే కొత్త నివాస సముదాయాలకు ఫిఫ్త్ అవెన్యూతో నేరుగా దారి కలపాలని ఆయన పట్టుదల. పార్కును కాపాడవలసిన అధికారే దాన్ని చీల్చే పథకం చేతపట్టడం ఈ చరిత్రలో మరువరాని విషయం. 1952లో రెండు దారుల నమూనా వచ్చింది. అది నిలవకపోవడంతో, పార్కు నడుమ నేలమట్టానికి దిగువన 48 అడుగుల వెడల్పు రోడ్డు వేయాలన్న ఆలోచన ముందుకొచ్చింది.

అదే 1952లో షర్లీ హేస్ అనే గృహిణి, ఎడిత్ లయన్స్‌తో కలిసి ఇరుగుపొరుగు తల్లులను కూడగట్టి వాషింగ్టన్ స్క్వేర్ పార్క్ కమిటీని నిలబెట్టారు. రోడ్డు వెడల్పు ఎంత తగ్గించాలన్న బేరానికి ఆమె దిగలేదు. అసలు వాహనమే వద్దన్నారు. మాన్‌హట్టన్ బరో (నగరంలోని అయిదు పాలనా విభాగాల్లో ఒకటి) అధ్యక్షుడు హ్యూలన్ జాక్ 36 అడుగుల రోడ్డుతో రాజీ కుదర్చాలని చూసినప్పుడు కూడా ఆమె పట్టు సడలించలేదు. ఈ పోరాటానికి ప్రాణం పోసింది ఆ పట్టుదలే అని నా అభిప్రాయం. నగరాల గురించి రాసే రచయిత్రి జేన్ జేకబ్స్, అమెరికా మాజీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వంటివారు తరువాత గొంతు కలిపారు.

అయితే నిర్ణయం జరిగేది మేయరు, బరో అధ్యక్షులు కూర్చునే బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్‌లో. వినతిపత్రాల బలం అక్కడ చెల్లాలంటే రాజకీయ నాయకుడి అండ కావాలి. ఆ అండ కార్మైన్ డిసేపియో రూపంలో దొరికింది. డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగమైన ట్యామనీ హాల్‌కు అధిపతిగా నగర రాజకీయాలను శాసిస్తున్న ఆయన విలేజ్‌వాసి, అక్కడి నుంచే పార్టీ జిల్లా నాయకుడిగా ఎన్నికవుతూ వచ్చినవాడు. సొంత పేటలో సంస్కరణవాదుల నుంచి పోటీ పెరుగుతున్న కాలమది. ఓట్ల లెక్క ఆయన మనసులో లేదని అనలేం. అంతమాత్రాన ఆయన చేసిన పని విలువ తగ్గదు. 1958 సెప్టెంబరులో ఆయన స్వయంగా బోర్డు ముందుకు వెళ్లి, పార్కును వాహనాలకు మూసివేయాలని వాదించారు.

ఉద్యమకారులు ముందుగా ప్రయోగాత్మక మూసివేతనే అడగడం తెలివైన ఎత్తుగడ. కొద్దికాలం మూసి చూడమంటే అధికారులకు కాదనడానికి కారణం దొరకదు. ఆ మూసివేత మొదలైన 1958 నవంబరు 1న, ప్రారంభోత్సవాల్లో చేసినట్టు రిబ్బను కత్తిరించకుండా, దారికి అడ్డంగా రిబ్బను ముడివేశారు. చుట్టుపక్కల వీధులు వాహనాలతో కిక్కిరిసిపోతాయని రోడ్డు పక్షంవారు చెప్పిన జోస్యం ఫలించలేదు. 1959లో మూసివేత శాశ్వతమైంది. తోరణం దగ్గర బస్సులు మలుపు తిరిగే ఏర్పాటు మాత్రం 1963 వరకు మిగిలింది.

పార్కును గెలిపించిన డిసేపియో సొంత పేటలో గెలుపు నిలుపుకోలేకపోయారు. ట్యామనీ పాత పద్ధతులపై పెరిగిన వ్యతిరేకత 1961లో ఆయన జిల్లా నాయకత్వాన్ని ఊడగొట్టింది. తిరిగి పొందాలని 1963లో పోటీచేస్తే, ఎడ్ కాచ్ అనే యువ న్యాయవాది 41 ఓట్ల తేడాతో ఓడించారు. తరువాతి కాలంలో నగర మేయరైన కాచ్ రాజకీయ ప్రస్థానం మొదలైంది ఈ పేటలోనే.

పార్కు తరువాత విలేజ్‌లోని పాత ఇళ్లకూ రక్షణ దొరికింది. పాత కట్టడాల రక్షణకు నగరం 1965లో చట్టం చేసింది. దాని కింద 1969లో గ్రెనిచ్ విలేజ్‌లో రెండు వేలకు పైగా భవనాలున్న ప్రాంతాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. అప్పటి నుంచి అక్కడ ఒక ఇంటి ముఖద్వారం రూపు మార్చాలన్నా నగర చారిత్రక కట్టడాల పరిరక్షణ కమిషన్ అనుమతి తీసుకోవలసి వస్తోంది.