ఓడిపోయినవాళ్ళకు పడ్డ ఓట్లు ఏమవుతాయి?

విశాఖపట్నం

చిరంజీవులు చిన్నారికీ, బాబీకీ అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఫోన్లో చిన్నారి అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేదు. నాలుగు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది. "అమ్మమ్మా, ఓడిపోయిన పార్టీకి వేసిన ఓట్లన్నీ వేస్టయిపోయినట్టేనా?" అని అడిగావు. మీ క్లాసులో ఒక పిల్లాణ్ణి "మీ నాన్న ఓటు వేస్టు" అని ఎగతాళి చేస్తే వాడు ఏడ్చాడట కదా. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మనసు ఒకచోట లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆ పిల్లాడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించండి.

ముందు లెక్క చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. ప్రభుత్వం నిలబడాలంటే 88 మంది మద్దతు కావాలి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 వచ్చాయి, తెలుగుదేశానికి 23, జనసేనకు 1. ఐదేళ్ళు తిరిగాయి. 2024 మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఈసారి తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8, వెరసి కూటమికి 164. అంతకుముందు 151 ఉన్న పార్టీకి 11 మిగిలాయి. టీవీలో ఈ అంకెలు మాత్రమే చూసినవాళ్ళు ఆ పార్టీని ఇష్టపడే మనుషులే రాష్ట్రంలో లేరనుకుంటారు.

ఇప్పుడు ఓట్లు చూడండి. 2024లో ఆ 11 స్థానాలు వచ్చిన పార్టీకి పడ్డ ఓట్లు కోటీ ముప్పై లక్షల పైమాటే. నూటికి 39 మంది. 2019లో 23 స్థానాలతో ఓడిపోయిన తెలుగుదేశానికి వచ్చింది ఎంతో తెలుసా? అదీ నూటికి 39 మందే. రెండు ఎన్నికలు, రెండు వేర్వేరు పార్టీలు ఓడిపోయాయి. కానీ ఓడిపోయినవాళ్ళ వెనక నిలబడ్డ జనం ఇంచుమించు అంతే. పదిమందిలో నలుగురు!

మరి ఓట్లు అన్నుంటే స్థానాలు ఇన్నేనా అని బాబీ అడుగుతాడు, నాకు తెలుసు. మన పద్ధతిలో ఏ నియోజకవర్గానికి ఆ నియోజకవర్గమే లెక్క. అక్కడ అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా చాలు, ఆ సీటు ఆయనదే. రెండో స్థానంలో ఉన్నాయనకు లక్ష ఓట్లు వచ్చినా సీటు రాదు. ఓడిన పార్టీ ఓట్లు ఒకేచోట పోగుపడి ఉంటే అక్కడన్నా గెలుస్తుంది. రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని ఉంటే ప్రతిచోటా రెండోదే అవుతుంది. మన దగ్గర రెండుసార్లూ జరిగింది అదే. ఈ పద్ధతిలో లోపం లేదనను. దేశదేశాల్లో దీనికి వేరే పద్ధతులూ ఉన్నాయి. కానీ మా ఎమ్మెల్యే ఫలానా అని వేలెత్తి చూపించి, రోడ్డు బాగోలేకపోతే ఆయన గుమ్మం ఎక్కి అడిగే వీలు ఈ పద్ధతిలో ఉంది. అందుకని నాకు ఇదే ఇష్టం.

మా విశాఖనే చూడండి. 2019లో రాష్ట్రమంతా ఒకవైపు గాలి వీస్తే, ఇక్కడ నగరంలోని తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ తెలుగుదేశానికే వెళ్ళాయి. పక్కనున్న గాజువాక, భీమిలి, పెందుర్తి మాత్రం గాలివాటున వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్ళాయి. 2024కి వచ్చేసరికి ఏడూ కూటమివే. గాజువాకలో మెజారిటీ 95 వేలు దాటింది. రాష్ట్రంలో అదే అన్నిటికంటే పెద్దది. ఐదేళ్ళ కిందట అదే గాజువాకలో పవన్ కల్యాణ్ ఓడిపోయారు. ఆ ఓడిపోయినాయనే ఈసారి పిఠాపురంలో గెలిచి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. అందుకే ఓడినవాళ్ళని చూసి నవ్వేవాళ్ళంటే నాకు కోపం. వాళ్ళు నవ్వేది మనిషిని చూసి కాదు, అతణ్ణి నమ్మిన లక్షలమందిని చూసి.

ఇక ప్రభుత్వం ఎలా మారుతుందో చెబుతాను. పిల్లలూ, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. 2024 జూన్ 4న మధ్యాహ్నానికి ఫలితం తేలిపోయింది. ఆ రోజే ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గవర్నర్‌కు రాజీనామా పంపారు. 2019 మే 23న చంద్రబాబు నాయుడు కూడా ఫలితం వచ్చిన రోజే పంపారు. ముందు రోజు వరకూ పోలీసులూ, ఖజానా, సచివాలయం అన్నీ ఎవరి మాట విన్నాయో, ఆ మనిషి ఒక కాగితం మీద సంతకం పెట్టి పక్కకు తప్పుకున్నారు. కత్తి లేదు, సైన్యం లేదు. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా ఆయన్నే ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఉండమంటారు, ఆ కొద్ది రోజులూ పెద్ద నిర్ణయాలు తీసుకోరు. గెలిచిన ఎమ్మెల్యేలు కూర్చుని తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారు, గవర్నర్ ఆయన్ని పిలుస్తారు. 2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో గవర్నర్ అబ్దుల్ నజీర్ ముందు చంద్రబాబు, మంత్రులు ప్రమాణం చేశారు. తర్వాత సభ. పాత స్పీకర్ ఉండరు కాబట్టి ఎమ్మెల్యేల చేత ప్రమాణం చేయించడానికి అనుభవం ఉన్న సభ్యుణ్ణి ప్రొటెం స్పీకర్‌గా పెడతారు. ఆ పని చేసింది ఎవరనుకున్నారు? మీ రాజమండ్రి రూరల్ ఎమ్మెల్యే గోరంట్ల బుచ్చయ్య చౌదరి! ఆ తర్వాత మా వైపు నర్సీపట్నం ఎమ్మెల్యే అయ్యన్నపాత్రుణ్ణి స్పీకర్‌గా ఎన్నుకున్నారు.

ఇదంతా ప్రతిసారీ ఇంత సాఫీగా జరగలేదు. 1984 ఆగస్టు మాకు ఇప్పటికీ గుర్తే. ఎన్టీ రామారావు గారు 1983 జనవరిలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, 294కి 201 స్థానాలు గెలిచి రాష్ట్రంలో మొట్టమొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఆయన్ని గవర్నర్ రామ్‌లాల్ ఆగస్టు 16న పదవి నుంచి తీసేసి, ఆయన పార్టీవాడే అయిన నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. నాకు బలం ఉంది, సభలో తేల్చుకోనివ్వండి అని రామారావు గారు మొత్తుకున్నా వినలేదు. ఆయన ఎమ్మెల్యేలను తీసుకుని ఢిల్లీ వెళ్ళి రాష్ట్రపతికి తలలు లెక్కపెట్టి చూపించారు. ఊళ్ళల్లో జనం రోడ్ల మీదికి వచ్చారు. రామారావు గారికి ఓటేయనివాళ్ళు కూడా ఇది అన్యాయమని బయటికి వచ్చారు, అదీ నేను మీకు చెప్పదలచుకున్నది. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఎవరికి బలం ఉందో రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పుస్తకాల్లో ఒక వాక్యంగా కనిపించే ఆ సూత్రం వెనక ఇలాంటి గొడవలు చాలానే ఉన్నాయి.

గెలిచినవాళ్ళది ప్రభుత్వం, మరి ఓడినవాళ్ళకు ఓటేసినవాళ్ళది కాదా? వాళ్ళది కూడా. మా వీధిలో పింఛన్ల సంగతి చెబుతాను. 2024 జూన్ దాకా నెలకు 3,000 వచ్చేది. కొత్త ప్రభుత్వం దాన్ని 4,000 చేసి, ఏప్రిల్ నుంచి రావాల్సిన పెంపు కూడా కలిపి జూలై 1న 7,000 ఇచ్చింది. మా వార్డు సచివాలయం ఉద్యోగులు ఇంటింటికీ వచ్చి ఇచ్చారు. ఎవరికి ఓటేశావమ్మా అని అడిగే హక్కు వాళ్ళకు లేదు, అడిగినా కనిపెట్టే దారి లేదు. ఇంకో సంగతి గమనించారా? ఆ గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టింది 2019లో వచ్చిన ప్రభుత్వం. దాన్ని ఓడించి వచ్చిన ప్రభుత్వం పింఛను పంచింది ఆ ఉద్యోగుల చేతే. పథకాల పేర్లు మారతాయి, గోడల మీద రంగులు మారతాయి. కలెక్టరాఫీసు, బడి, ఆసుపత్రి, కోర్టు అలాగే ఉంటాయి. ప్రభుత్వం మారిన ప్రతిసారీ పేర్లూ ఫలకాలూ పీకే పని నాకు నచ్చదు. ఎవరు పీకినా నచ్చదు. ప్రజల డబ్బుతో కట్టినదానికి పార్టీ రంగెందుకు? పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులు తీసేయాలని 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి చెప్పించుకోవాల్సి వచ్చింది.

ప్రతిపక్షం మాట కూడా చెప్పాలి. సభలో పదో వంతు సభ్యులుంటేనే ప్రతిపక్ష నాయకుడి హోదా ఇవ్వడం ఆనవాయితీ. 175లో పదో వంతంటే 18 మంది. 11 మంది ఉన్న పార్టీకి ఆ హోదా దొరకలేదు, దాని మీద పెద్ద వాదనే నడిచింది. హోదా సంగతి అలా ఉంచండి. 164 మంది ఒకవైపు కూర్చుంటే తప్పు జరిగినప్పుడు లేచి అడిగేదెవరు? అప్పుడు గెలిచిన పార్టీ ఎమ్మెల్యేలే తమ మంత్రుల్ని అడగాలి. అలాగే ఎంత తక్కువమంది అయినా ఓడిన పార్టీవాళ్ళు సభకు వెళ్ళాలి, వెళ్ళి అడగాలి. ఆ కోటీ ముప్పై లక్షల మంది ఓట్లు వాళ్ళను పంపింది అందుకే. చిన్నారీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆ ఓటు వేస్టు కాదు. అది ప్రభుత్వాన్ని పెట్టలేకపోయింది, అంతవరకే. ప్రభుత్వాన్ని భయపెడుతూ ఉండే పని ఐదేళ్ళూ చేస్తుంది. పదిమందిలో ఒక్కరు మనసు మార్చుకుంటే ఏమవుతుందో మీరు రెండు ఎన్నికల్లో చూశారు కదా.

నేను టీచరుగా ఉన్నప్పుడు పోలింగ్ డ్యూటీలు చేసేదాన్ని. ముందురోజు డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో సామాను లెక్క చూసుకుని తీసుకోవడం, రాత్రి ఆ బడిలోనే చాప వేసుకుని పడుకోవడం, తెల్లారకముందే లేచి ఏజెంట్ల ఎదురుగా మాక్ పోల్ పెట్టడం. అన్ని పార్టీల ఏజెంట్లూ మిషన్లో నమూనా ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూసి, అవన్నీ తుడిచేశాకే అసలు పోలింగ్. బయట ప్రచారంలో ఒకరి మీద ఒకరు అరుచుకున్న కుర్రాళ్ళు లోపల ఒకే బెంచీ మీద రోజంతా కూర్చునేవాళ్ళు. ఓటరు పేరు చదివితే ఇద్దరూ తమ జాబితాల్లో టిక్కు పెట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఒకరికి వచ్చిన పులిహోర పొట్లం ఇద్దరూ పంచుకున్నారు. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో 17సి ఫారంలో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించి, నకలు ఒక్కొక్కరికీ ఇచ్చేవాళ్ళం. లెక్కింపు రోజున ఆ కాగితంలోని అంకె, మిషన్లో అంకె ఒకటి కావాలి. ఓడిపోయే మనిషి తరఫున కూర్చున్నవాడు కూడా ఆ సంతకం పెట్టాడు. అతను కళ్ళారా చూసి ఒప్పుకున్నాడు గనకే లెక్కింపు తర్వాత గెలిచినవాడి గెలుపును ఎవరూ కాదనలేరు. ఓడిన పార్టీ ఏజెంటు లేని పోలింగ్ బూతును ఊహించండి, అక్కడి ఫలితాన్ని ఎవరు నమ్ముతారు?

అన్నిచోట్లా ఇలా ఉండదు. 2024లో పోలింగ్ తర్వాత పల్నాడులో కొట్టుకుని తలలు పగలగొట్టుకున్నారు, 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. దెబ్బలు తిన్నవాళ్ళు రెండువైపులా పేదవాళ్ళే. అందుకే మీ క్లాసులో జరిగినది చిన్న విషయమని నేను వదిలేయలేను.

మా ఊరికి ఇంకో అనుభవం ఉంది. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమం లేచినప్పుడు, నవంబరు 1న ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ ఊరేగింపుల్లో నడిచినవాళ్ళు ఒకే పార్టీవాళ్ళు కారు. 2021లో ఫ్యాక్టరీని ప్రైవేటుకు ఇస్తామని కేంద్రం అన్నప్పుడూ అంతే, ఎర్రజెండావాళ్ళు, కాంగ్రెస్‌వాళ్ళు, ఎన్నికల్లో ఒకరిమీద ఒకరు పోటీ చేసినవాళ్ళు, అందరూ గాజువాక రోడ్డెక్కారు. ఓటు వేరు పెట్టుకున్నంత మాత్రాన ఊరు వేరు కాదు.

నిజంగా వేస్టయ్యేది వేయని ఓటు. అందులో మా విశాఖ వెనకబడింది, చెప్పడానికి బాధగా ఉంది. 2024లో రాష్ట్రం మొత్తం మీద 81 శాతానికి పైగా ఓట్లు పడితే, మా జిల్లాలో 71 దగ్గర ఆగింది. ఇన్ని కాలేజీలూ, ఇన్ని ఆఫీసులూ ఉన్న ఊరు!

బాబీ, మళ్ళీ ఎన్నికలు సమయానికి వస్తే 2029లో. అప్పటికి నీకు పద్దెనిమిది నిండుతాయి. మా కాలంలో ఇరవై ఒకటి నిండాల్సి వచ్చేది, 1989లో పద్దెనిమిదికి తగ్గించారు. పదిహేడు నిండగానే, ఓటరు జాబితాలో పేరు చేర్చమని అడిగే ఫారం 6 ముందుగా ఇచ్చుకోవచ్చు. పద్దెనిమిది నిండిన తర్వాత వచ్చే జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తారీఖుల్లో ఏది ముందొస్తే ఆ తారీఖుకు పేరు ఎక్కుతుంది. ఓటర్ల జాబితా పని చూసే మీ వీధి బీఎల్ఓ (బూత్ లెవల్ ఆఫీసర్) ఎవరో నాన్నను అడిగి తెలుసుకో. ఎవరికి వేయాలో నేను చెప్పను, మీ అమ్మకూ చెప్పలేదు.

చిన్నారీ, ఆ పిల్లాడి పేరు రాయలేదు నువ్వు. ఈసారి ఉత్తరంలో రాయి. సెలవులకు వాడిని కూడా తీసుకురా, కైలాసగిరి చూపిద్దాం.

ప్రేమతో,
మీ అమ్మమ్మ