నాన్నగారికి మిగ్-21 మోడల్ ఇద్దామనుకుంటున్నారా: అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన యుద్ధవిమానం మిగ్-21కి వీడ్కోలు పలికిన దగ్గర్నుంచి, విమానాల బుల్లి మోడల్స్ చేసిచ్చే నాకు వచ్చే ఫోన్లు ఇంచుమించు ఒక్కలాగే ఉంటున్నాయి. "మా నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో చేశారండీ. డెబ్బై అయిదో పుట్టినరోజుకి మిగ్-21 మోడల్ ఇద్దామనుకుంటున్నాం. ఆయనకి మాత్రం ముందే తెలియకూడదు." ఏ మిగ్-21 అని అడుగుతాను. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "అంటే... మిగ్-21 అంటే ఒకటే కదండీ?"

ఒకటి కాదు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, సమయం, సంతోషం ఇంక దేనివల్లా పోవడం నేను చూడలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: డబ్బా మీద మిగ్-21 అని ఉంటే చాలు.

మన వాయుసేన ఈ విమానాన్ని 1963 నుంచి అరవై ఏళ్లకు పైగా వాడింది. అన్నేళ్లూ ఒకే రూపంలో ఎలా ఉంటుంది? దాని మీద పనిచేసినవాళ్లు నంబరుతోనే పిలుస్తారు: సెవెంటీ సెవెన్, నైంటీ సిక్స్, సెవెంటీ ఫైవ్. టైప్ 77 అంటే ఎఫ్‌ఎల్, 96 అంటే ఎం, 75 అంటే బిస్. నంబరు పెద్దదైతే కొత్తదనుకుంటారు, అదీ తప్పే. 77 ముందు వచ్చింది, ఆ తర్వాత 96, వాటి తర్వాత 75. 77కి వీపు సన్నగా ఉంటుంది, 75కి కాక్‌పిట్ వెనకనుంచి తోక వైపు బాగా ఉబ్బెత్తుగా ఉంటుంది. 77కి రెక్కల కింద రెండే పైలాన్లు (బాంబులు, రాకెట్లు తగిలించే చోట్లు), 96కీ 75కీ నాలుగేసి. 77కి లోపల ఫిరంగి లేదు, కావాలంటే పొట్ట కింద గన్ పాడ్ తగిలించేవాళ్లు. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ మీద రాకెట్లు వేసినవి ఈ 77లే. ఆ యుద్ధం చేసినాయన చేతిలో బిస్ పెడితే మీరు ఇచ్చింది వేరేవాళ్ల విమానం.

ఆరేళ్ల కిందట నేనే ఈ తప్పు చేశాను. న్యూజెర్సీలో ఉండే ఒకబ్బాయి వాళ్ల నాన్నగారి కోసం మోడల్ అడిగాడు. ఆయన ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, జూనియర్ వారంట్ ఆఫీసరుగా రిటైరై హైదరాబాద్ అల్వాల్‌లో ఉంటున్నారు. సర్‌ప్రైజ్ అన్నాడని నేనూ సరేనన్నాను, ఏ ఏడాది, ఏ స్క్వాడ్రన్ అని గట్టిగా అడగలేదు. 1/48 స్కేల్‌లో, అంటే అసలుదానిలో నలభై ఎనిమిదో వంతు సైజులో, బిస్ కిట్ తెప్పించి రెండు నెలలు కూర్చుని చేసి, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని ట్యూబ్‌లైటు కిందకి తీసుకెళ్లి, బొటనవేలితో వీపు మీద తోక దాకా నిమిరారు. "చాలా బాగా చేశావు బాబూ. కానీ ఇది సెవెంటీ ఫైవ్. మాది సెవెంటీ సెవెన్" అన్నారు. నేను నొచ్చుకుంటానేమోనని వెంటనే కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

కాఫీ వచ్చేలోపు కెనోపీ, అంటే కాక్‌పిట్ మీది గాజు మూత సంగతి చెప్పారు. నేను దాన్ని పక్కకి తెరిచి పెట్టాను, 75కి అలాగే తెరుచుకుంటుంది. "మాది ముందుకి లేచేది" అంటూ ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, వేళ్ల కొసలు కదలకుండా మణికట్టు పైకెత్తి చూపించారు. ఆ చేతి ఉంగరపు వేలి గోరు వంకరగా ఉంది. 1971లో గౌహతిలో ఆ కెనోపీ కిందే నలిగిందట. అరగంటలో ఆయన నాకు చెప్పింది, నేను రెండు నెలలు ఇంటర్నెట్‌లో వెతికి పోగుచేసినదానికంటే ఎక్కువ. ఆ అరగంట కిట్ కొనకముందే ఆయన దగ్గర కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే సర్‌ప్రైజ్ అనే మాట వినగానే నాకు కాస్త కోపం వస్తుంది. "అడిగితే మజా పోతుందండీ" అంటారు. పోదు. పాత ఆల్బమ్ తీసుకుని ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చోండి. ఏ స్క్వాడ్రన్, ఏ ఏడాది, ఏ టైప్, ఏ టెయిల్ నంబరు (ఆ విమానం గుర్తింపు నంబరు), దాని మీద ఆయన చేసిన పనేంటి, ఈ అయిదూ తెలిస్తే చాలు. పైలట్ అయితే లాగ్‌బుక్‌లో ఎగిరిన ప్రతిసారీ విమానం నంబరు రాసి ఉంటుంది. ఎయిర్‌మన్ అయితే లాగ్‌బుక్ ఉండదు, కానీ రోజూ ఎఫ్-700లో (విమానం మరమ్మతుల రికార్డు) సంతకం పెట్టిన మనిషికి నంబర్లు నోటికొచ్చి ఉంటాయి. నిన్న ఏం తిన్నారో మర్చిపోయే ఒక పెద్దాయన నాకు మూడు మిగ్‌ల 'సి'తో మొదలయ్యే టెయిల్ నంబర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పారు, ఒకదానికి ఏ వైపు ప్యానెల్ సరిగ్గా బిగుసుకునేది కాదో కూడా చెప్పారు.

రంగు విషయమూ అంతే. 77లు మొదట్లో మెరిసే లోహపు రంగులోనే ఉండేవి. 1971 యుద్ధం ముంచుకొచ్చేసరికి చాలావాటికి హడావుడిగా పచ్చ రంగులు పూశారు, స్క్వాడ్రన్‌కో తీరు. డబ్బా మీది బొమ్మలో ఉన్నట్టు నీటుగా ఉండదు. బ్రష్షు పట్టుకుని పూసినవాళ్లలో మీ నాన్నగారే ఉండొచ్చు, అడగండి.

నాట్ అనే చిన్న యుద్ధవిమానం మోడల్ అడిగేవాళ్లకి ఇంకో గొయ్యి ఉంది. దుకాణాల్లో తేలిగ్గా దొరికే నాట్ కిట్ బ్రిటన్ విన్యాసాల జట్టు రెడ్ యారోస్ వాళ్ల ఎర్ర విమానం, రెండు సీట్ల ట్రైనర్. మన రంగులు వేయించుకుందాం అని కొని తెస్తారు. శ్రీనగర్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడిపి, మరణానంతరం పరమవీర చక్ర పొందిన నాట్ ఒక్క సీటుది. ట్రైనర్‌కి ఒళ్లు పొడుగు, రెక్కలు పెద్దవి, ఎంత పుట్టీ పెట్టి సానపట్టినా అది ఇది కాదు. డబ్బా విప్పకముందే దుకాణంలో వాపసు ఇచ్చేయండి.

అపోహ: ఎయిర్‌ఫోర్స్ అంటే పైలటే.

ఒక్క విమానం లేవాలంటే నేల మీద ఎంతమంది పనిచేయాలో ఆలోచించండి. ఇంజిన్ ఫిట్టర్లు, ఆయుధాలు చూసుకునే ఆర్మరర్లు, ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు, రేడియో వాళ్లు. నాకు ఆర్డరిచ్చే ఇళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు ఎయిర్‌మెన్‌గా చేసినవాళ్లే. వాళ్లకి ఎగురుతున్న విమానం స్టాండు మీద పెట్టి ఇస్తే దాంతో ఏం చేయాలి? చక్రాలు దించి, చక్రాలు కదలకుండా చాక్స్ (అడ్డుదిమ్మలు) పెట్టి, ఇన్‌టేక్‌కి ఎర్ర మూత పెట్టి, రిబ్బన్లు వేలాడదీసి ఇవ్వండి. ఆయన విమానాన్ని చూసింది అలాగే.

ఇక్కడే వెదరింగ్, అంటే వాడి పాతబడినట్టు కనిపించేలా చేయడం గురించి ఒక మాట. నూనె మరకలు, పొగ మరకలు, పెచ్చులూడిన రంగు, తుప్పు కూడా పెట్టి "రియలిస్టిక్" అనడం మోడలర్లకి అలవాటు. ఒంటికి వాడేది అల్యూమినియం, దానికి ఎర్ర తుప్పు పట్టదు. అంతకంటే ముఖ్యం, దాన్ని తుడిచి, కడిగి నిలబెట్టిన మనిషికి మీరు ఇస్తున్నారు. "మేమెప్పుడూ ఇంత మురికిగా ఉంచలేదమ్మా" అని ఒకాయన కూతురితో అనడం నా చెవులతో విన్నాను. ప్యానెల్ లైన్లలో కొంచెం నీడ, జెట్ పైపు దగ్గర కొంచెం మసి, అంతకు మించి వద్దు.

ఇంకొకటి, ఇది నన్ను నిజంగా బాధపెట్టేది. "మిగ్-21ని ఎగిరే శవపేటిక అంటారు కదండీ, ఇస్తే అపశకునమేమో, పాతవన్నీ గుర్తొచ్చి బాధపడతారేమో." శకునం మాట వదిలేయండి, ఆ పేరు పెట్టింది పత్రికలు, దాని మీద బతుకు వెళ్లదీసినవాళ్లు కాదు, వాళ్ల ఎదుట ఆ మాట అనకండి. కానీ బాధపడతారేమోనన్న భయం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. స్నేహితుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దానికీ మందు అడగడమే. వద్దంటే వద్దు. కావాలంటే బాంబులు, రాకెట్లు ఉండాలా వద్దా అన్నది కూడా ఆయనే చెప్పాలి. ఒకాయన హంటర్ అనే యుద్ధవిమానం మోడల్ అడిగి, పైలాన్లన్నీ ఖాళీగా ఉంచమన్నారు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

మిగతావి త్వరగా. పెద్ద స్కేల్ అయితేనే గౌరవం అనుకోవద్దు, 1/72లో మిగ్ రెక్కల వెడల్పు పది సెంటీమీటర్ల లోపే, మంచం పక్కన బల్ల మీద హాయిగా పడుతుంది. కెనోపీకి సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి గాజులాంటి ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది, ఫెవికాల్ చాలు. డెకాల్స్ (గుర్తులు, నంబర్ల స్టిక్కర్లు) అతికించే ముందు నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్ పూత వేయాలి, లేకపోతే ఫిల్మ్ కింద గాలి చేరి వెండి మరకలా కనిపిస్తుంది. రౌండెల్‌లో (విమానం మీది గుండ్రని మూడురంగుల గుర్తు) ఆకుపచ్చ మధ్యలో, కాషాయం బయట, తిరగేసి అతికించినవి కూడా చూశాను. మోడల్‌ని కిటికీ పక్కన ఎండలో పెట్టొద్దు, రంగులు వెలిసిపోతాయి. వారంలో అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, రంగు ఆరడానికే రోజులు పడతాయి, కనీసం మూడు నెలల ముందు చెప్పండి.

అల్వాల్ పెద్దాయనకి ఆ తర్వాత 77 చేసిచ్చాను. ఎఫ్‌ఎల్ కిట్ వెతకడానికే నాలుగు నెలలు పట్టింది. కెనోపీ ముందుకి లేపి, ఆయన చెప్పిన టెయిల్ నంబరు వేసి, వీపు మీద ఒక ప్యానెల్ తెరిచి పెట్టాను. మొన్న మళ్లీ ఫోన్ చేశారు. అంతా బాగుందిగానీ నిచ్చెన లేకుండా కాక్‌పిట్‌లోకి ఎలా ఎక్కుతారు బాబూ అన్నారు. కొలతలు చెప్పమన్నాను. ఎన్ని మెట్లో లెక్కపెట్టి చెప్పారు, రెండు వైపులా గొట్టం ఎంత లావుండేదో వేళ్లతో చూపిస్తానని వీడియో కాల్ చేశారు. ప్లాస్టిక్ రాడ్లు తెచ్చాను, పసుపు రంగు వేసి వచ్చే వారం పంపాలి.