ఎండిన బోన్సాయ్: దాహం తీర్చబోయి ముంచేయకండి

"ఊరెళ్లి వచ్చేసరికి ఆకులన్నీ రాలిపోయాయి. అప్పటినుంచి మూడు పూటలా నీళ్లు పోస్తున్నాను. అయినా చిగురు కనిపించడం లేదు." బోన్సాయ్ చెట్లను (చిన్న కుండీల్లో పొట్టిగా పెంచే చెట్లను) చూసే నా పనిలో ఈ మాటలు విన్నన్ని సార్లు మరేవీ వినలేదు. ఆకులు రాలాయంటే నాకు పెద్దగా భయం వేయదు. మూడు పూటలా నీళ్లు అనగానే వేస్తుంది. నా దగ్గరికి వచ్చిన చెట్లలో నీళ్లందక పోయినవాటికంటే, ఎండిన తర్వాత జరిగిన సపర్యలకు పోయినవే ఎక్కువ.

ఇక్కడ చెప్పేదంతా ఉష్ణమండల జాతుల గురించి: ఫైకస్ (మర్రి, రావి జాతి), షెఫ్లెరా, కార్మోనా, కాగితం పూల చెట్టు వంటివి. జునిపర్ లాంటి చలి ప్రాంతపు చెట్ల లెక్క వేరు. అవి చనిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తాయి. మనకు తెలిసేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు.

అపోహ: ఎండిపోయింది కాబట్టి ఎన్ని నీళ్లు పోస్తే అంత త్వరగా కోలుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ చెట్లను బలిగొన్న నమ్మకం ఇదే. కుండీ పూర్తిగా ఎండినప్పుడు ముందుగా చచ్చేవి నీళ్లు పీల్చే సన్నని పీచు వేళ్లు. లావు వేళ్లు బతికే ఉంటాయి కానీ అవి ప్రధానంగా చెట్టును నిలబెట్టి, ఆహారం దాచుకునేవి. పీల్చే పని వాటివల్ల పెద్దగా కాదు. కొమ్మల్లో నీళ్లు పైకి వెళ్లే సన్నని గొట్టాల్లోకి గాలి బుడగలు చేరి దారి తెగిపోతుంది. ఆకులు కూడా రాలాక నీటిని పైకి లాగే బలమే దాదాపు ఉండదు. నిండా ఆకులున్నప్పుడు ఒక్క రోజులో ఆరిపోయిన అదే కుండీ ఇప్పుడు వారం గడిచినా తడిగానే ఉంటుంది.

అలాంటి కుండీలో పూటపూటా నీళ్లు పోస్తే మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండి, గాలికి చోటు లేకుండా పోతుంది. వేళ్లు కూడా ఊపిరి తీసుకుంటాయి. ఆక్సిజన్ అందక మిగిలిన వేళ్లు మగ్గిపోతాయి. చచ్చిన పీచు వేళ్లను ఆసరా చేసుకుని పైథియం, ఫైటాఫ్తోరా వంటి వేరుకుళ్లు కారకాలు లోపలికి పాకుతాయి. వేళ్లు కుళ్లితే నీళ్లు అందవు, నీళ్లు అందకపోతే కొమ్మలు వడలిపోతాయి. అది చూసి యజమాని మరో చెంబు పోస్తాడు.

మరి ఏం చేయాలి? మొదటి రోజు ఒక్కసారి బాగా తడపాలి, అదీ పైనుంచి పోసి కాదు. పీట్ (సగం కుళ్లిన నాచు) ఎక్కువగా ఉన్న మట్టి మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తోసేస్తుంది. వేర్ల ముద్ద కుంచించుకుని కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రంలోంచి బయటకు వస్తాయి. తడిసిందనుకుంటాం, మధ్యలో మట్టి పొడిగానే ఉంటుంది. అందుకని కుండీని ఒక టబ్బులో పెట్టి, మట్టి పైభాగం మునిగేదాకా నీళ్లు నింపండి. బుడగలు ఆగేవరకు, అంటే సుమారు పది నుంచి ఇరవై నిమిషాలు, అలాగే ఉంచండి. తర్వాత పైకి తీసి కుండీని ఒక పక్కకు వాల్చి పట్టుకోండి. లోతు తక్కువున్న కుండీల్లో అడుగున నిలిచిపోయే నీరు ఈ వాలుకు కారిపోతుంది. చిన్న పనే, కానీ చాలామంది చేయరు.

ఆ తర్వాత చేయాల్సింది ఆగడం. సన్నని వెదురు పుల్లను మట్టిలో లోతుగా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. పుల్ల తడిగా, నల్లగా వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. కాస్త చెమ్మగా మాత్రమే ఉండి, మట్టి పైభాగం ఆరితే పోయండి. కుండీని రోజూ చేత్తో ఎత్తి చూస్తుంటే కొన్నాళ్లకు బరువును బట్టే తెలిసిపోతుంది. క్యాలెండర్ చూసి నీళ్లు పోసే అలవాటు మానేయండి.

ఒకసారి ఒక యువకుడు తెచ్చిన ఫైకస్‌ను కుండీలోంచి తీస్తే బయటి వేళ్లు నల్లగా, మెత్తగా, ముక్కు మూసుకునేంత వాసన. లోపలి ముద్దను విప్పితే మధ్యలో పొడి మట్టి! ఒకే చెట్టు ఒక పక్క మునిగిపోతూ, ఇంకో పక్క దాహంతో ఉంది. "తక్కువ పోశానేమో అని నిద్ర పట్టలేదండీ" అన్నాడు. అతని ఆదుర్దా నాకు అర్థమైంది. చెట్టు ఎండిందన్న అపరాధ భావం చేతిని ఊరికే ఉండనివ్వదు. ఇంత శ్రద్ధ ఉన్న మనిషికి "నీళ్లే మందు" అని తేలిగ్గా చెప్పి పంపినవారి మీదే నాకు కోపం.

నీళ్లు తగ్గించినప్పుడు చెట్టు ఎండకుండా చూసేది గాలిలోని తేమ. చెట్టుతో సహా మొత్తం కుండీని పారదర్శకమైన పాలిథిన్ సంచితో వదులుగా కప్పి, నేరుగా ఎండ తగలని వెలుతురులో, వెచ్చని చోట ఉంచండి. ఎండలో పెడితే సంచి లోపల ఉడికిపోతుంది. రోజుకోసారి కాసేపు తెరిచి గాలి తగలనివ్వండి. కొత్త ఆకులు గట్టిపడ్డాక సంచిని ఒక్కసారిగా తీయకుండా, తెరిచి ఉంచే సమయాన్ని కొన్ని రోజులపాటు పెంచుకుంటూ వెళ్లండి.

అపోహ: ఆకులన్నీ పోతే చెట్టు చచ్చినట్టే.

ఫైకస్ ఆకులు రాల్చడం తనను తాను కాపాడుకోవడం. తాకగానే రాలిన ఆకు మంచి సంకేతం. ఆకును వదిలించుకోవడానికి తొడిమ దగ్గర ఒక పొరను కట్టాలి, ఆ పని బతికున్న కొమ్మే చేయగలదు. ఎండి కరకరలాడుతూ, లాగినా ఊడకుండా వేలాడే ఆకులే నన్ను కలవరపెడతాయి. ఆ రెమ్మ పొర కట్టే లోపే పోయి ఉండవచ్చు.

అనుమానం ఉంటే గోటితో బెరడును కొద్దిగా గీకండి. కొన నుంచి మొదలుపెట్టి కాండం వైపు రండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే అక్కడివరకు పోయింది. కొన పోయినా కింద పచ్చగా ఉండటం మామూలే. పాలు కారలేదని మాత్రం నిరాశపడకండి, నీటి కొరతలో ఉన్న ఫైకస్‌కు పాలు కూడా తగ్గుతాయి. ఒకసారి చూశాక వదిలేయండి. ఒక పెద్దాయన వారం వారం గీకి చూస్తూ కాండం చుట్టూ గాట్లు పెట్టేశారు. నీటి కొరతను తట్టుకున్న చెట్టును ఆ గాయాలు చాలాకాలం వెనక్కి లాగాయి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. నీరసించింది కదా అని ఎరువు వేయకండి. దెబ్బతిన్న వేళ్ల చుట్టూ లవణాలు పెరిగితే నీళ్లు పీల్చడం మరింత కష్టమవుతుంది. వేళ్లు త్వరగా వస్తాయని అమ్మే బి1 విటమిన్ ద్రావణాలు కొనకండి. 1930లలో కోసిన వేర్ల ముక్కలను ప్రయోగశాలలో పెంచినప్పుడు పుట్టిన పేరు అది, పూర్తి చెట్టు తనకు కావాల్సిన బి1ను తానే తయారు చేసుకుంటుంది. చక్కెర నీళ్లు సూక్ష్మజీవులకు విందు. రీపాటింగ్ (కుండీ, మట్టి మార్చడం) కూడా ఇప్పుడు వద్దు. దుర్వాసన వచ్చి వేళ్లు నల్లగా, మెత్తగా ఉంటే మాత్రం ఆగకండి. కుళ్లినంతవరకు తీసేసి, నీరు త్వరగా దిగే గరుకు మిశ్రమంలోకి మార్చండి. జేడ్ మొక్కకు పైన చెప్పిన పద్ధతి వర్తించదు. అది ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది, ముడతలు పడితే ఒకసారి మామూలుగా పోస్తే చాలు, సంచి అక్కర్లేదు.

కత్తెర విషయంలో తొందర వద్దు. వెచ్చని వాతావరణంలో ఫైకస్ కొన్ని వారాల్లోనే పాత కాండం మీద నుంచి కూడా చిగురు వేయగలదు, ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. కార్మోనా ఇంకా నెమ్మది. ఏ కొమ్మ పోయిందో ఏది నిలిచిందో చిగుళ్లు తేల్చేవరకు ఏదీ కోయకండి. కొత్త ఆకులు గట్టిపడి, కుండీ మళ్లీ మునుపటిలా త్వరగా ఆరడం మొదలైతే వేళ్లు పనిలో పడ్డట్టు. అప్పుడు ఎండిన కొమ్మలు తీసేసి, సగం మోతాదు ఎరువుతో మొదలుపెట్టవచ్చు. వైరింగ్ (కొమ్మలను వంచడానికి తీగ చుట్టడం) మాత్రం వచ్చే పెరుగుదల కాలం దాకా ముట్టుకోకండి.