కాఫీ తోటలో నీడ ఎందుకు పోయింది?

అరబికా కాఫీ పుట్టింది నైరుతి ఇథియోపియా అడవుల్లో, పెద్ద చెట్ల కింద. లాటిన్ అమెరికాకు చేరాక కూడా చాలాచోట్ల సన్నకారు రైతులు దాన్ని అలాగే పెంచారు. పైన ఇంగా, బాడిద లాంటి నత్రజనిని నేలకు చేర్చే చెట్లు, నడుమ అరటి, నిమ్మ, వాటి నీడన హెక్టారుకు వెయ్యి రెండు వేల కాఫీ మొక్కలు. దిగుబడి తక్కువే. కాకపోతే రాలిన ఆకే ఎరువయ్యేది.

ఈ పద్ధతిని తలకిందులు చేసింది ఒక శిలీంధ్రం. ఆకు అడుగున నారింజరంగు పొడిలా కనబడే తుప్పు తెగులు 1869లో సిలోన్‌లో బయటపడింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడి కాఫీ తోటలు చాలావరకు తేయాకు తోటలైపోయాయి. అదే తెగులు 1970లో బ్రెజిల్‌లో, 1976లో నికరాగ్వాలో కనబడేసరికి వ్యవసాయ శాఖలకు భయం పట్టుకుంది. నీడలో ఆకు తడి ఆరదు, తడి ఉంటే తెగులు మొలుస్తుంది, కాబట్టి చెట్లు కొట్టెయ్యండి అన్నారు. అమెరికా సహాయ నిధులు తోడయ్యాయి. పొట్టి రకాలు, హెక్టారుకు ఐదు వేలకు పైగా మొక్కలు, బస్తాల కొద్దీ ఎరువు, మందులు వచ్చాయి. 1990ల మొదటికి మెక్సికో నుంచి కొలంబియా దాకా కాఫీ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం ఈ దారి పట్టింది.

ఆ సలహా సగమే నిజం. నీడలో తడి నిలుస్తుంది, సరే. కానీ ఎండలో మొక్క విరగకాస్తుంది, కాపు భారం ఎక్కువైన మొక్క ఆకులే తుప్పుకు తేలిగ్గా లొంగుతాయి. అందుకు తగ్గ ఎరువు వెయ్యలేని ఏడాది కొమ్మలు చివర్ల నుంచి ఎండుకొస్తాయి. 2012లో మధ్య అమెరికాను తుప్పు మళ్లీ ఊడ్చేసినప్పుడు ఎండ తోటలూ మిగల్లేదు.

ఎరువులు కొనాలంటే గింజకు ధర ఉండాలి. 1962 అంతర్జాతీయ కాఫీ ఒప్పందం ఎగుమతి కోటాలతో ఆ ధరను నిలబెడుతూ వచ్చింది. 1989 జులైలో కోటాలు కూలిపోయాయి. పౌను కాఫీ ధర కొద్ది నెలల్లోనే దాదాపు సగానికి పడింది. 2001 చివరికి 50 సెంట్ల లోపుకు దిగింది. చెట్లు అప్పటికే పోయాయి, ఎరువుల అప్పు మాత్రం మిగిలింది.

ధర పడితే తోటలో ముందు ఆగేది చివరి విడత ఏరుడు. కొమ్మ మీద, నేల మీద మిగిలిన పండ్లలోనే కాయతొలుచు పురుగు తరువాతి కాపు దాకా బతుకుతుంది. శుభ్రంగా ఏరితే చాలావరకు అదుపులో ఉండే పురుగు అది. కూలి ఖర్చు తప్పించుకోవడానికి ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ మందు 2011లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధ జాబితాకెక్కింది.

నీటి సంగతి వేరే. పండు తొక్క తీశాక గింజకు అంటుకున్న జిగురును పులియబెట్టి కడుగుతారు. పాత పద్ధతిలో కిలో ఎండు పార్చ్‌మెంట్‌కు (పైపొర ఇంకా తీయని ఎండు గింజకు) 40 లీటర్ల దాకా నీరు పోతుంది. ఆ నీటిలో ఉన్నది చక్కెర. వాగులో కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి, పులుపెక్కి పీహెచ్ 4 దగ్గరికి పడిపోతుంది, చేపలు తేలతాయి. కొలంబియా కాఫీ పరిశోధన సంస్థ సెనికఫే దీనికి మంచి విరుగుడు చూపింది: నీళ్లు పోయకుండా తొక్క తీయడం, జిగురును యంత్రంతో రాపాడించడం. నీరు కిలోకు లీటరు లోపే. అసలు కిటుకు తొక్కను నీటితో కొట్టుకుపోనివ్వకపోవడంలో ఉంది. పొడిగా తోడేసి, వాన తగలకుండా కప్పి, తిరగేస్తూ ఉంటే ఎరువవుతుంది.

కాఫీ ఎలా పండిందో, ఎలా కొన్నారో ధ్రువీకరించే ముద్రలు వచ్చింది ఈ నేపథ్యంలోనే. 1988లో నెదర్లాండ్స్‌లో, మెక్సికో రైతు సహకార సంఘం కాఫీతో, మాక్స్ హావెలార్ ముద్ర మొదలైంది. రైతుకు కనీస ధర హామీ ఇచ్చే ఇప్పటి ఫెయిర్‌ట్రేడ్ ముద్రకు అదే మూలం. 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు పౌనుకు కనీస ధర 1.80 డాలర్లు, సంఘానికి అదనంగా 20 సెంట్లు. చిక్కు ఏమిటంటే, ముద్ర పంటంతటికీ ఉన్నా ఆ షరతుల మీద కొనేవాళ్లు దొరికేది కొంతభాగానికే. మార్కెట్ ధర కనీసాన్ని దాటిన ఏడాది ఇంకో తంటా: సభ్యులు అప్పటికప్పుడు నగదిచ్చే దళారికి అమ్మేస్తారు, ఒప్పుకున్న సరుకు సంఘానికి చేరదు. బుట్ట లెక్కన ఏరే సీజన్ కూలీ దాకా ఆ 20 సెంట్లు వెళ్లడం మరీ అరుదు. నీడ సంగతి పట్టించుకున్నది అమెరికా పరిశోధన సంస్థ స్మిత్సోనియన్ వారి ‘బర్డ్ ఫ్రెండ్లీ’ ముద్ర. సేంద్రియ ధ్రువీకరణ తప్పనిసరి, నీడ కనీసం 40 శాతం ఉండాలి, 12 మీటర్ల ఎత్తు చెట్లుండాలి. అన్నిటిలోకీ కఠినమైనది ఇదే, అందుకే తీసుకున్న తోటలు తక్కువ.

తాజాది 2023 నాటి ఐరోపా సమాఖ్య చట్టం. 2020 డిసెంబర్ 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ ఆ మార్కెట్‌లోకి రాకూడదన్నది దాని నియమం, అమలు మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. పండిన నేల ఎక్కడుందో చూపాలి: నాలుగు హెక్టార్ల లోపు కమతమైతే పటంలో ఒక్క బిందువు చాలు, అక్షాంశ రేఖాంశాలు ఆరు దశాంశ స్థానాల వరకు ఇవ్వాలి. పెద్ద కమతమైతే సరిహద్దంతా గీసివ్వాలి. అయితే కాఫీ తోటను ఆ చట్టం అడవిగా కాక సాగుభూమిగానే లెక్కిస్తుంది. ఉన్న తోటలో నీడ చెట్లన్నీ కొట్టేసినా, దాని దృష్టిలో అది అడవి నరకడం కిందికి రాదు.