గోరు పాడయ్యేది రంగు తీసేటప్పుడే: ఇంట్లో నెయిల్ ఆర్ట్ మీద అపోహలు, వాస్తవాలు

ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క సందులో చిన్న పార్లరు నాది. పన్నెండేళ్ల నుంచి ఇదే పని. ఈమధ్య నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో సగం మంది ఫోన్లో వీడియో చూసి ఇంట్లోనే వేసుకుని, తేడా కొట్టాక వస్తున్నారు. "పాలిష్ వల్లే నా గోళ్లు కాగితంలా అయిపోయాయక్కా" అంటారు. ఆ చేతిని ట్యూబులైటు కిందకు లాగి చూస్తాను. గోరు మధ్యలో తెల్లగా, గరుగ్గా, సున్నం గోడ పెచ్చు లేచినట్టు ఉంటుంది. అది పాలిష్ చేసిన పని కాదమ్మా. బస్సులో కూర్చుని ఊసుపోక పక్క వేలి గోరుతో గీకి పీకిన పని.

అందుకే అందరూ చెప్పే అపోహతోనే మొదలుపెడతా.

అపోహ: పాలిష్ వేస్తే గోరుకు గాలి ఆడదు, మధ్యమధ్య "ఊపిరి" పీల్చుకోనివ్వాలి.

గోరు ఊపిరి పీల్చదు. పైకి కనబడేదంతా ప్రాణం లేని కెరటిన్, అంటే జుట్టులో ఉండే పదార్థమే. గోరు తయారయ్యేది దాని మొదలు దగ్గర, చర్మం కింద. దానికి కావలసినవన్నీ రక్తం నుంచే అందుతాయి. వారం ఆపాలనిపిస్తే ఆపండి, తప్పేం లేదు, కానీ గాలి కోసమని ఆపక్కర్లేదు.

తీసే పద్ధతి మాత్రం మార్చండి. ఎండిన పాలిష్‌ను, ముఖ్యంగా జెల్‌ను (ల్యాంపు వెలుగుకు గట్టిపడే పాలిష్) పీకితే దానితోపాటు గోరు పై పొరలు కూడా లేచొస్తాయి. చేతి గోరు నెలకు పెరిగేది సుమారు 3 మిల్లీమీటర్లు. మొదటి నుంచి కొస దాకా కొత్తది రావాలంటే ఆరు నెలలు. ఉగాదికి పీకిన గోరు దసరా దాకా మిమ్మల్ని పలకరిస్తూనే ఉంటుందన్నమాట.

మామూలు పాలిష్ అయితే రిమూవర్‌లో ముంచిన దూదిని గోరు మీద పది సెకన్లు అదిమి పట్టి, కొస వైపు ఒక్కసారి లాగండి. అటూ ఇటూ రుద్దితే ఎర్ర రంగంతా చర్మంలోకి పులుముకుంటుంది. జెల్ అయితే పైన మెరుపు పోయేలా గోళ్లు అరగదీసే ఫైల్‌తో తేలిగ్గా గీరి, ఎసిటోన్ (పాలిష్‌ను కరిగించే ద్రవం) దూది పెట్టి, చపాతీలు చుట్టే ఫాయిల్ ముక్క చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. చెక్కపుల్లతో నెడితే జారిరావాలి. రాలేదా, మళ్లీ ఐదు నిమిషాలు చుట్టండి. బలవంతం వద్దు. మెరుపుల పాలిష్‌కీ ఇదే వైద్యం. ఒక్క మాట, ఎసిటోన్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం ముందు ఈ పని పెట్టుకోకండి.

అపోహ: ముందు కొబ్బరినూనె రాస్తే గోరు మెరుస్తుంది, పాలిష్ బాగా పడుతుంది.

నూనె పాలిష్ తీశాక రాయాలి, వేసేముందు కాదు. గోరు మీద జిడ్డు ఉంటే పాలిష్ రెండో రోజుకే రేకులా లేచిపోతుంది. అంట్లు తోమి వచ్చి వెంటనే వేసుకున్నా అంతే. గోరు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, పైనున్న రంగు మాత్రం దానితోపాటు ముడుచుకోలేక చిట్లుతుంది. అంట్ల పని అయిన గంట తర్వాత కూర్చోండి. రిమూవర్ దూదితో ఒక్కసారి తుడిచి, బేస్ కోటు (రంగు కింద వేసే పూత) వేసి, రంగు పల్చగా రెండు కోట్లు వేయండి. కోటుకీ కోటుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. కొసన గోరు అంచు మీద కూడా బ్రష్ ఒకసారి గీయండి, నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. ముదురు ఎరుపు వేసేవాళ్లు బేస్ కోటు మానేస్తే గోళ్లు పసుపు పచ్చబడతాయి. అది కామెర్లు కాదు, భయపడకండి.

అపోహ: పాలిష్ ఆరకపోతే నెయిల్ ల్యాంపు కింద పెట్టాలి. ల్యాంపు లేకపోతే జెల్‌ను ఎండలో ఆరబెట్టొచ్చు.

రెండూ తప్పే. మామూలు పాలిష్ అందులోని ద్రావకం ఆవిరైపోయి ఆరుతుంది, ల్యాంపుతో దానికి పనిలేదు. జెల్ ఆరదు, ల్యాంపు వెలుగుకు గట్టిపడుతుంది. మన మే నెల ఎండ మనిషిని మాడుస్తుందేమో గానీ జెల్‌ను లోపలి దాకా సరిగ్గా గట్టిపరచలేదు. సగం గట్టిపడిన జెల్ చర్మానికి తగులుతుంటే ఎలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిందంటే దాదాపు జీవితాంతం ఉండిపోతుంది. పళ్ల డాక్టర్లు వాడే కొన్ని ఫిల్లింగుల్లోనూ ఆ జాతి పదార్థమే ఉంటుంది కాబట్టి ఇది గోళ్లతో పోయే బాధ కాదు. ఇంట్లో జెల్ వేసుకునేవాళ్లు చర్మం మీద పడిన చుక్కను ల్యాంపులో పెట్టకముందే తుడిచేయండి.

అపోహ: పెట్టుడు గోళ్లకు ఇంట్లో ఉండే సూపర్ గ్లూ చాలు.

సింగరాయకొండలో ఒక పెళ్లింట్లో నా కళ్లతో చూశాను. పెళ్లికూతురి చెల్లెలు సూపర్ గ్లూతో గోళ్లు అంటించుకుంటోంది. వేలి మీద కారితే గబుక్కున దూదితో అదిమింది. రెండు క్షణాల్లో "పిన్నీ, కాలుతోంది!" అని అరుపు. దూదిలోంచి సన్నగా పొగ. ఆ గ్లూకి నూలు తగిలితే వేడెక్కుతుంది, నూలు డ్రస్సు మీద పడినా అంతే. వేలిని చన్నీళ్ల చెంబులో ముంచి పెట్టాం. పాపం, బొబ్బతోనే తలంబ్రాల దాకా నిలబడింది. నెయిల్ గ్లూ కూడా ఆ జాతిదే కాబట్టి దానికీ దూది వాడొద్దు.

పెట్టుడు గోరు ఒక పక్క లేస్తే మళ్లీ అంటించి సరిపెట్టుకోవద్దు. ఆ సందులో తడి చేరితే బ్యాక్టీరియా పెరిగి గోరు ఆకుపచ్చగా మారుతుంది. పైన ఇంకో రంగు వేసి దాచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తీసేసి, పొడిగా ఉంచి, చర్మం డాక్టరుకు చూపించండి.

అపోహ: గోరు మొదట్లో చర్మం కత్తిరిస్తేనే నీటుగా ఉంటుంది.

ఆ సన్నని చర్మం లోపలికి క్రిములు పోకుండా కాపలా. కత్తిరిస్తే గోరుచుట్టుకు తలుపు తీసినట్టే. రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు రోజంతా చేతులు నానుతుంటాయి, వాళ్లకు అసలే ఈ బాధ ఎక్కువ. వాళ్లొస్తే నేను కత్తెర ముట్టుకోను. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చెక్కపుల్లతో మెల్లగా వెనక్కి నెడతానంతే.

గోళ్ల మీద తెల్ల చుక్కలు కాల్షియం లోపమా? చాలావరకు కాదు. ఎప్పుడో తలుపుకో బిందెకో తగిలిన దెబ్బ అది, గోరుతోపాటు పెరిగి పోతుంది.

ఇక అన్నిటికన్నా నాకు నవ్వొచ్చే అపోహ: నెయిల్ ఆర్ట్‌కు వేలు పోసి కిట్ కొనాలి.

చుక్కలకు అగరొత్తి పుల్ల, గీతలకు అరిగిపోయిన సన్న బ్రష్, రంగులు కలవడానికి స్పాంజి ముక్క చాలు. నీళ్ల మీద రంగు తేల్చి చేసే మార్బుల్‌కు ఒక పేపరు గ్లాసు. అది కుదరకపోవడానికి కారణం మన ఫ్యాను! రంగు చుక్క నీళ్ల మీద పరుచుకోగానే గాలికి మీగడ కట్టేస్తుంది. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ నీళ్లు వద్దు, ఎండకు కాగిన ట్యాంకు నీళ్లూ వద్దు, గదిలో ఉన్న క్యాన్ నీళ్లు పోయండి. పాలిష్ కొత్తది కావాలి. వేలు ముంచాక, పైకి తీయకముందే మిగిలిన రంగు పొరను పుల్లతో పక్కకు చుట్టేయండి, లేకపోతే పైకి వచ్చేటప్పుడు వేలంతా అంటుకుంటుంది.

నాకిష్టమైన డిజైను మాత్రం మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి, అదే బంగారు మెరుపులుండే నల్ల గ్రానైట్. నలుపు రెండు కోట్లు వేసి ఇరవై నిమిషాలు ఆరనిస్తాను. బంగారు రంగు చుక్క ఒకటి ప్లాస్టిక్ మూత మీద వేసి, చింపిన స్పాంజి ముక్క అద్ది, ముందు కాగితం మీద నాలుగుసార్లు తట్టి దాదాపు ఆరబెడతాను. తర్వాత గోరు మీద రెండే రెండు సార్లు. రాయిలో మెరుపులు ఒక్క సైజులో ఉండవు, వరసగానూ ఉండవు. పుల్లతో చుక్కలు పెడితే పోపులో ఆవాలు చల్లినట్టుంటుంది. చివరగా పైన టాప్ కోటు వేసేటప్పుడు బ్రష్ అదిమితే బంగారు రంగు నలుపులోకి ఈడ్చుకుపోతుంది. అందుకే నిండుగా ముంచి, గోరుకు బ్రష్ తగిలీ తగలనట్టు వదలాలి.

మొన్న చీమకుర్తి నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్లాయన క్వారీలో పని, నా వేళ్లు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏందమ్మా, మా వంటింటి గట్టు తెచ్చి గోళ్ల మీద పెట్టుకున్నావే" అని, తన చెయ్యి కూడా చాపింది.