సీగల్ రెక్క అంచు చెప్పే సంకర వంశం

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో స్థిరపడిన ఒక పాఠకురాలు, రెంటన్‌లో సెడార్ నది వాషింగ్టన్ సరస్సులో కలిసే చోట జనవరిలో తీసిన ఒక సీగల్ ఫొటో పంపి, పక్షుల పుస్తకంలోని ఏ బొమ్మతోనూ అది సరిపోవడం లేదని, అరుదైన పక్షి ఏమైనా వచ్చిందా అని అడిగారు. అది అరుదైనది కాదు. వెస్టర్న్ గల్, గ్లాకస్ వింగ్డ్ గల్ జతకట్టగా పుట్టిన సంకరం. సియాటిల్‌కు పడమట ఉన్న ఒలింపిక్ ద్వీపకల్పం పేరు మీదుగా దీనిని ఒలింపిక్ గల్ అంటారు. ఆ తీరంలో కొన్నిచోట్ల శుద్ధమైన పక్షుల కంటే ఈ సంకరాలే ఎక్కువ.

వీపును చీర రంగుగా, మడిచిన రెక్క కొనను అంచుగా భావించండి. వెస్టర్న్ గల్‌ది ముదురు బూడిద చీర, నల్లని అంచు. గ్లాకస్ వింగ్డ్ గల్‌ది లేత బూడిద చీర, అంచూ అదే రంగు. సంకరానికి అంచు చీర కంటే ఒకటి రెండు ఛాయలు మాత్రమే ముదురుగా ఉంటుంది. అయితే ఎండకు చీర వెలిసినట్టే ఈకలూ వెలుస్తాయి. నలుపునిచ్చే మెలనిన్ ఈకను అరుగుదల నుంచి కూడా కాపాడుతుంది కనుక, అది తక్కువగా ఉన్న ఈకలు ముందుగా చిరిగి పాలిపోతాయి. వేసవిలో నల్ల అంచు గోధుమ రంగుకు తిరిగి, శుద్ధమైన వెస్టర్న్ గల్ కూడా సంకరంలా కనిపించవచ్చు. పెద్ద సీగల్స్ శీతాకాలం నడిమికి రెక్క ఈకలు మార్చుకోవడం ముగిస్తాయి. పైగా సియాటిల్ ఆకాశపు మబ్బు వెలుతురు అన్ని వైపులా సమంగా పడుతుంది. బూడిద ఛాయలను పోల్చడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. ఎదిగిన పక్షులనే పోల్చాలి. ఆ రంగులు రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది.

అంచు ఒక్కటే చాలదు. వెస్టర్న్ గల్ కంటి చుట్టూ వలయం పసుపు, గ్లాకస్ వింగ్డ్ గల్‌కు గులాబీ. సంకరంలో రెండూ కలగలిసి ఉండవచ్చు. శీతాకాలంలో వెస్టర్న్ గల్ తల దాదాపు తెల్లగానే ఉంటుంది, గ్లాకస్ వింగ్డ్ గల్ తలమీద మసక మరకలు పడతాయి. హెర్రింగ్ గల్ అనే మరో జాతి అనుకుని పొరబడేవారు ముక్కును చూడాలి: ఒలింపిక్ గల్ ముక్కు బరువుగా, కొన దగ్గర ఉబ్బి ఉంటుంది, కన్ను సాధారణంగా ముదురుగా ఉంటుంది, ఎదిగిన హెర్రింగ్ గల్ కన్ను లేత పసుపు.

వేర్వేరు జాతులకు పుట్టిన సంతానం కంచరగాడిదలా గొడ్డుబోతుందని బడిలో నేర్పే పాఠం ఇక్కడ చెల్లదు, ఆ పాఠాన్ని సరిదిద్ది చెప్పవలసిన అవసరం ఉంది. ఈ సంకరాలు చక్కగా పిల్లలను పెంచుతాయి. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, రెండు జాతులూ కలిసి సంకరాలు పుట్టే తీరప్రాంతపు మధ్యభాగంలో సంకర మగపక్షులతో జతకట్టిన ఆడపక్షులకు, వెస్టర్న్ మగవాటితో జతకట్టిన వాటికంటే ఎక్కువ పిల్లలు దక్కాయి. వెస్టర్న్ మగపక్షులు ఇసుకలో గూడు స్థలం ఎంచుకోగా వేటాడే జీవులు గుడ్లను దోచుకున్నాయి, సంకర మగపక్షులలో అనేకం మొక్కల మాటున స్థలం ఎంచుకున్నాయి. ఆ ప్రాంతపు ఉత్తర భాగంలో గ్లాకస్ వింగ్డ్ గల్స్ కంటే సంకరాలు చేపలు ఎక్కువగా తిని, పిల్లలను బాగా పెంచాయి.

ఫొటోలోని పక్షికి లేత బూడిద వీపు, కొంచెం ముదురు అంచు, బరువైన ముక్కు ఉన్నాయి కనుక ఒలింపిక్ గల్ అని నమ్మకంగా చెప్పగలను. సంకరాలు మళ్లీ శుద్ధ పక్షులతోనూ, తమలో తామూ జతకడుతూ వస్తున్నందున, అది ఎన్నో తరానిదో మాత్రం అంచు రంగును బట్టి తేలదు.