నిలబడితే మొదలయ్యే చిక్కు

పోయిన నెల ఒక తండ్రి ఉత్తరం రాశారు. కొడుక్కి తొమ్మిదేళ్ళు. తలలో నీరు చేరిందని పసితనంలోనే 'స్టెంటు' వేశారట. స్టెంటు గుండె రక్తనాళానికి వేసేది, ఇది షంట్, తలలో ఎక్కువైన నీటిని దించే గొట్టం. మా వీధిలో కూడా రెండిటినీ కలిపేస్తారు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. ఆయన అడిగినవి రెండు. మెదడులోంచి పొట్టలోకి గొట్టం వదిలారు కదా, ఇన్నేళ్ళ నీళ్ళకి పొట్ట ఉబ్బదా? పిల్లాడు ఈమధ్య లేచి తిరిగితే తలనొప్పి అంటున్నాడు, పడుకుంటే పోతోంది, బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడా?

మొదటిదానికి జవాబు చిన్నది. పెద్దవాళ్ళలో మెదడు, వెన్నుపాముల చుట్టూ, లోపలా కలిపి ఏ క్షణంలో చూసినా ఉండే నీరు 150 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు. రోజుకి ఊరేది మాత్రం దాదాపు అర లీటరు. అంటే రోజుకి మూడుసార్లకు పైగా పాతది పోయి కొత్తది వస్తుంది. మెదడు లోపల ఈ నీరుండే గదులు నాలుగు. నీరు పక్క గదులు రెండిట్లోంచి మన్రో రంధ్రాల మీదుగా మూడో గదికి, అక్కణ్ణించి సన్నటి సిల్వియస్ కాలువలోంచి నాలుగో గదికి, తర్వాత మెదడు పైపొరల కిందికి చేరి చివరికి రక్తంలో కలుస్తుంది. ఈ దారిలో ఎక్కడ మూసుకుపోయినా వెనక గదులు ఉబ్బుతాయి. షంట్ వేస్తే ఆ నీరు చెవి వెనకనుంచి, మెడ, ఛాతీ చర్మం కిందుగా పొట్టలోకి దిగుతుంది. పేగుల్ని కప్పి ఉన్న పొర దాన్ని పీల్చుకుని రక్తంలోకే పంపేస్తుంది. వెళ్ళాల్సిన చోటికే, చుట్టుదారిన. పొట్ట ఉబ్బడం చాలా అరుదు.

రెండో ప్రశ్న చదివి నేను కుర్చీలోంచి లేచాను. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, సైఫన్‌ని రెండు మార్కుల ప్రశ్నగా చంపేసిన పాపంలో నాకూ వాటా ఉంది.

స్టూలు మీద నీళ్ళ బిందె పెట్టి, సన్న పైపు ఒక కొస అందులో ముంచి, రెండో కొస నోటితో పీల్చి కింది బకెట్లోకి వదలండి. నీళ్ళు వాటంతటవే దిగుతాయి, అదే సైఫన్. బకెట్టుని బిందె మట్టానికి ఎత్తండి, ఆగిపోతాయి. మళ్ళీ కిందికి దించండి, ఎంత దించితే అంత జోరు. తల బిందె, పొట్ట బకెట్టు. పడుకున్నప్పుడు రెండూ ఒకే మట్టం. షంట్‌లో ఒక వాల్వు ఉంటుంది. దాన్ని 10 సెంటీమీటర్ల ఎత్తు నీటి స్తంభం ఒత్తిడికి అమర్చారనుకుందాం. లోపలి ఒత్తిడి అంతకు మించితేనే తెరుచుకుంటుంది. అంతా బాగానే ఉంది. ఇప్పుడు మనిషి లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళలో తలకీ పొట్టకీ మధ్య దాదాపు అర మీటరు నీటి స్తంభం వేలాడుతుంది. కాపలా పది, లాగుడు యాభై! వాల్వు తెరుచుకునే ఉంటుంది, నీరు అవసరానికి మించి దిగిపోతుంది. మెదడు కిందికి జారినట్టవుతుంది, తలనొప్పి వస్తుంది. ఇది ముదిరితే మెదడుకీ పైపొరకీ మధ్యనున్న సన్నటి సిరలు సాగి తెగి రక్తం గూడు కట్టవచ్చు.

మరి మనమూ నిలబడుతున్నాం కదా, తలలోంచి గుండెకి దిగే సిరలు మెదడుని పీల్చెయ్యవేం? పిల్లలు చీకే పొడుగాటి ఐసు కవరు చూడండి. గట్టిగా పీలిస్తే గోడలు రెండూ అతుక్కుపోయి ఇంకేమీ రాదు. మెడ సిరలూ అంతే. నిలబడగానే నలిగి అణిగిపోతాయి, ఆ లాగుడు పైదాకా అందదు. రక్తం మెడలోని వేరే దారుల్లో దిగుతుంది. షంట్ గొట్టం సిలికోన్‌ది, అణగదు. అదే దాని బలం, అదే దాని జబ్బు.

అందుకని వాల్వు పక్కన పల్చటి పొరతో ఒక కిటికీ పెట్టారు. కింద లాగుడు ఎక్కువైతే పొర లోపలికి అతుక్కుని దారి మూస్తుంది. మెడ సిరని కాపీ కొట్టడమే! ఇంకో రకంలో చిన్న లోహపు గుండ్లు వాడతారు. ప్రెషర్ కుక్కర్ మూత మీది బరువు లాంటివి. మనిషి నిలబడితే గుండ్లు రంధ్రం మీద కూర్చుంటాయి, వాటిని ఎత్తేంత ఒత్తిడి ఉంటేనే నీరు కదులుతుంది. పడుకుంటే పక్కకి దొర్లిపోతాయి. కుక్కర్ని పక్కకి పడుకోబెడితే బరువు పనిచెయ్యనట్టే. బయటినుంచి అయస్కాంతంతో ఒత్తిడి మార్చగల వాల్వులూ ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఎమ్మారై తీశాక సరిచూడాలి.

అసలు పనికొచ్చిన వాల్వుల్లో ఒకదాన్ని చేసింది డాక్టరు కాదు, తాళాల కంపెనీ మెకానిక్. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆ మెకానిక్ జాన్ హోల్టర్ కొడుకు కేసీకి ఈ జబ్బే. ఆస్పత్రిలో నర్సు రబ్బరు గొట్టంలోకి సూది గుచ్చి తీస్తే ఆ చిల్లు తనే మూసుకోవడం ఆయన చూశాడు. ఇంట్లో కూర్చుని సిలికోన్‌కి సన్నటి గాటు పెట్టి ఒకవైపే తెరుచుకునే వాల్వు చేశాడు. 1956 నుంచి సర్జన్ యూజీన్ స్పిట్జ్ దాన్ని పిల్లలకి అమర్చారు. మన దేశంలో తయారయ్యే చవక ఛాబ్రా షంట్‌లోనూ గాటే కీలకం. ఉగాండాలో న్యూరోసర్జన్ బెంజమిన్ వార్ఫ్ 35 డాలర్ల ఛాబ్రా షంట్‌ని 650 డాలర్ల విదేశీ షంట్‌తో పోల్చి 2005లో ప్రచురించారు. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ జబ్బుతో పసిబిడ్డ తల పెద్దదవుతుంటే, మేధావి అవుతాడని మురిసిపోతూ నెలలు గడిపేసిన ఇళ్ళు చూశాను. గ్రహణంనాడు తల్లి కత్తిపీట ముట్టిందన్న ఇళ్ళూ చూశాను. మాడు ఉబ్బిందా, తల కొలత నెలనెలా ఉండాల్సినదానికన్నా జోరుగా పెరుగుతోందా అని చూడటానికి దర్జీ టేపు చాలు.

ఆ తండ్రికి రాసింది ఇదే. అబ్బాయి నటించడం లేదనుకుంటాను. లేస్తే వచ్చి పడుకుంటే తగ్గే నొప్పి నీరు ఎక్కువ దిగిపోతోందనడానికి గుర్తు కావచ్చు, న్యూరోసర్జన్‌కి చూపించండి. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, మగత ఉంటే గొట్టం మూసుకుపోయిందేమో, ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తొమ్మిదేళ్ళకే ఎందుకు మొదలైందంటారా? పసిబిడ్డకి షంట్ వేసేటప్పుడే పొట్టలో కొంత గొట్టం అదనంగా చుట్టి వదులుతారు, బిడ్డ ఎదిగేకొద్దీ అది విప్పుకుంటుంది. రోజంతా ఉయ్యాల్లో పడుకునే బిడ్డకి సైఫన్‌తో పేచీ లేదు. ఇప్పుడు మీవాడు పొడుగయ్యాడు, బకెట్టు కిందికి దిగింది.